గాజు కాంతిని ఎందుకు దాటనిస్తుంది, రేకు ఎందుకు దాటనివ్వదు?

మీరు అడిగింది ఇది: అంగుళం మందమున్న గాజుపలక వెనక ఏముందో స్పష్టంగా కనిపిస్తుంది, వెంట్రుక కన్నా పలచని అల్యూమినియం రేకు వెనక మాత్రం ఏమీ కనిపించదు. ఎందుకు? గాజులో అణువుల మధ్య ఖాళీలు ఎక్కువగా ఉండి కాంతి వాటిలోంచి దూరిపోతుందా? అదే గాజును పొడి చేస్తే తెల్లగా ఎందుకు మారిపోతుంది? చివర్లో ఇంకో చిన్న ప్రశ్న కూడా వేశారు, గాజుపలకను అంచువైపు నుంచి చూస్తే ఆకుపచ్చగా ఎందుకుంటుందని. నేను చాలా ఏళ్లుగా లెన్సులు అరగదీసి, పాలిష్ పెట్టి, పూత వేసే పనిలో ఉన్నాను. ఇవన్నీ రోజూ నా చేతుల్లోంచి వెళ్లే సంగతులే కాబట్టి కాస్త పెద్ద జవాబే రాస్తున్నాను.

ముందు ఖాళీల సంగతి తేల్చేద్దాం. ఆ ఊహ చాలామందికి వస్తుంది, కానీ అది నిలవదు. ఖాళీలే కారణమైతే బరువైన పదార్థాలు కాంతిని ఆపాలి, తేలికైనవి వదిలేయాలి. అల్యూమినియం సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములు. మామూలు కిటికీ గాజుది 2.5. రెండూ దగ్గర దగ్గరే. సీసం కలిపి చేసే కొన్ని ఆప్టికల్ గాజుల సాంద్రత 5 కూడా దాటుతుంది. అంటే అల్యూమినియం కన్నా దాదాపు రెట్టింపు. చేత్తో పట్టుకుంటే ఇనుప బిళ్లలా బరువుగా ఉంటుంది, అయినా దానిలోంచి అక్షరాలు చదవొచ్చు. పైగా కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం 400 నుంచి 700 నానోమీటర్లు. ఘనపదార్థంలో అణువుల మధ్య దూరం నానోమీటరులో నాలుగో వంతు ఉంటుందేమో. ఒక్క తరంగం పొడవులో రెండు వేల అణువులు వరసగా నిలబడతాయి. కాంతికి ఆ సందులు కనిపించనే కనిపించవు. జల్లెడలోంచి ఇసుక రాలినట్టు గాజులోంచి కాంతి రాలడం లేదు.

అసలు తేడా ఎలక్ట్రాన్లలో ఉంది. పదార్థంలో ఎలక్ట్రాన్ ఎంత శక్తి పడితే అంత పుచ్చుకోలేదు. దానికి మెట్లున్నాయి. కింది మెట్టు మీదున్న ఎలక్ట్రాన్ పైమెట్టు ఎక్కాలంటే ఆ రెండింటి మధ్య ఎత్తుకు సరిపడా శక్తి ఒక్కసారిగా రావాలి. సగం మెట్టు అనేది లేదు. కనిపించే కాంతిలో ఒక్కో ఫోటాన్, అంటే ఒక్కో కాంతి పొట్లం, తెచ్చే శక్తి సుమారు 1.8 నుంచి 3.1 ఎలక్ట్రాన్ వోల్టులు, ఎరుపుది తక్కువ, ఊదాది ఎక్కువ. గాజులో ప్రధాన పదార్థం సిలికా. స్వచ్ఛమైన సిలికాలో ఎలక్ట్రాన్ మెట్టెక్కాలంటే 9 ఎలక్ట్రాన్ వోల్టుల దాకా కావాలి. ఎరుపు, పసుపు, నీలం, ఏది వచ్చినా చాలదు. పుచ్చుకునేవాళ్లు లేక కాంతి అలాగే అవతలికి వెళ్లిపోతుంది. వజ్రం కూడా అంతే, దాని మెట్ల మధ్య అంతరం 5.5 ఎలక్ట్రాన్ వోల్టులు. అదే కార్బన్‌తో చేసిన గ్రాఫైట్‌లో మాత్రం మెట్ల మధ్య అంతరం లేనట్టే, ఏ రంగు వచ్చినా పట్టుకునే ఎలక్ట్రాన్లు సిద్ధంగా ఉంటాయి. పెన్సిల్ ములుకు నల్లగా ఉండేది అందుకే. అణువులు అవే, అమరిక మారింది, అమరికతో మెట్లు మారాయి.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి, ఈ జవాబు మొత్తంలో నాకు ముఖ్యమైనది ఇదే. "ఇది పారదర్శకమా?" అనే ప్రశ్న సగం ప్రశ్నే. "ఏ కాంతికి?" అని కూడా అడగాలి.

ఇది నాకు పుస్తకంలో ఎక్కలేదు, కంటితో చూశాక ఎక్కింది. మొదటిసారి థర్మల్ కెమెరా చేతికిచ్చినప్పుడు కిటికీ దగ్గరికి తీసుకెళ్లి బయట చెట్టు వైపు గురిపెట్టాను. తెర మీద చెట్టు లేదు. గాజు ఉండాల్సిన చోట ఒక మనిషి ఆకారం వెలుగుతూ కనిపించింది. చెయ్యి ఊపితే అదీ ఊపింది. నా ఒంటి వేడే గాజు మీద పడి తిరిగొస్తోంది. నా కళ్లకు అడ్డే లేని ఆ కిటికీ, కెమెరాకు గోడ. థర్మల్ కెమెరాలు చూసేది 8 నుంచి 14 మైక్రోమీటర్ల పరారుణ కాంతిని. గాజులో సిలికాన్, ఆక్సిజన్ అణువుల బంధాలు ఆ పౌనఃపున్యాల్లోనే ఊగుతాయి కాబట్టి ఆ కాంతిని మింగేస్తాయి, కొంత వెనక్కి కొడతాయి. తర్వాత నల్లటి పలచని పాలిథీన్ సంచీ ఒకటి తెచ్చి దాని వెనక చెయ్యి పెట్టి చూశాం. మా కళ్లకు సంచీ తప్ప ఏమీ లేదు. కెమెరా తెర మీద మాత్రం అయిదు వేళ్లూ తేటగా కనిపించాయి. ఆ రోజు నుంచి "పారదర్శకం" అనే మాటను ఒంటరిగా వాడటం మానేశాను.

ఆ కెమెరాలకు లెన్సులు కూడా గాజుతో పనికిరావు కాబట్టి జెర్మేనియంతో చేస్తారు. జెర్మేనియం బిళ్ల చూడటానికి మెరిసే బూడిదరంగు లోహంలా ఉంటుంది. దానిలోంచి మన కంటికి చీకటే. అంతరం 0.67 ఎలక్ట్రాన్ వోల్టులే కాబట్టి కనిపించే కాంతినంతా మింగేస్తుంది, అంతకన్నా తక్కువ శక్తి ఉన్న పరారుణాన్ని వదిలేస్తుంది. సిలికాన్ కూడా ఇలాంటిదే. దాని అంతరం 1.1, అందుకే సోలార్ పలకలు ఎండను మింగి కరెంటు ఇవ్వగలుగుతున్నాయి. రెండో వైపు అతినీలలోహితం ఉంది. స్వచ్ఛమైన సిలికా దాన్ని చాలావరకు వదులుతుంది, మామూలు కిటికీ గాజు మాత్రం సుమారు 320 నానోమీటర్ల కింద ఉన్నదాన్ని ఆపేస్తుంది. ఎక్స్ కిరణాలకు చర్మం, కండ అడ్డు కావు, కాల్షియం ఉన్న ఎముక కొంత అడ్డు. రేడియో తరంగాలకు ఇటుక గోడ పెద్ద అడ్డేమీ కాదు. పదార్థం ఒక్కటే, అడిగే కాంతిని బట్టి జవాబు మారుతుంది.

"పుచ్చుకునేవాళ్లు లేరు" అన్నాను కదా, దాని అర్థం గాజులోని ఎలక్ట్రాన్లు కాంతిని పట్టించుకోవని కాదు. మెట్టు ఎక్కకపోయినా ఉన్నచోటే ఊగుతాయి. కాంతి అంటే విద్యుదయస్కాంత తరంగం, విద్యుదావేశం ఉన్నదాన్ని అది కదిలిస్తుంది. ఊగిన ఎలక్ట్రాన్ తన వంతుగా మళ్లీ చిన్న తరంగాన్ని వెలువరిస్తుంది. అలాంటి కోట్ల కోట్ల చిన్న తరంగాలు, అసలు తరంగం అన్నీ కలిసి ఒక్కటవుతాయి. ఆ కలిసిన తరంగం శిఖరాలు శూన్యంలో కన్నా మెల్లగా జరుగుతాయి. శూన్యంలో సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు, నీటిలో 2.25 లక్షలు, గాజులో 2 లక్షలు, వజ్రంలో 1.24 లక్షలు. శూన్యంలో వేగం పదార్థంలో వేగానికి ఎన్ని రెట్లో చెప్పే నిష్పత్తే వక్రీభవన గుణకం, నీటికి 1.33, గాజుకు 1.5, వజ్రానికి 2.42. చాలాచోట్ల దీన్ని "అణువు ఫోటాన్‌ను మింగి, కాసేపాగి, మళ్లీ కక్కుతుంది, అందుకే ఆలస్యం" అని చెబుతారు. దయచేసి అలా నేర్చుకోకండి. నిజంగా మింగి కక్కితే బయటికొచ్చే కాంతి ఏ దిక్కుకైనా పోవచ్చు. గాజులోంచి బొమ్మ ఇంత స్పష్టంగా రాదు, పొగమంచులోంచి చూసినట్టుంటుంది. అందరూ ఒకే తాళానికి ఊగుతున్నారు కాబట్టే కాంతి ముందుకు సూటిగా నడుస్తుంది, పక్కలకు పోయేవి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి.

అయితే వెనక్కి వచ్చే భాగం పూర్తిగా చెరిగిపోదు. గాలి నుంచి గాజులోకి వెళ్లేచోట, మళ్లీ గాజు నుంచి గాలిలోకి వచ్చేచోట సుమారు 4 శాతం చొప్పున కాంతి వెనక్కి మళ్లుతుంది. రెండు ముఖాలకూ కలిపి 8 శాతం. తెలుగులో కిటికీకి బిగించేదాన్నీ అద్దం అంటాం, ముఖం చూసుకునేదాన్నీ అద్దమే అంటాం. మొదట్లో ఈ మాట నాకు గందరగోళంగా ఉండేది. ఇప్పుడు చాలా ఇష్టం, ఎందుకంటే ప్రతి కిటికీ అద్దమూ 8 శాతం ముఖం అద్దమే. పగలు బయటి వెలుగు ముందు ఆ 8 శాతం తేలిపోతుంది. రాత్రి గదిలో దీపం వేసి చూడండి, బయట చీకటి కాబట్టి గదంతా గాజులో కనిపిస్తుంది. గాజు మారలేదు, పోటీ తగ్గింది.

ఒక్క కిటికీకి 8 శాతం పోతే నష్టం లేదు. కెమెరా లెన్సులో ఏడెనిమిది గాజుముక్కలుంటాయి, అంటే పదిహేను దాకా ముఖాలు. ముఖానికి 4 శాతం చొప్పున పోతే చివరికి సగానికి కాస్త ఎక్కువే మిగులుతుంది, పోయినదాంట్లో కొంత లోపలే అటూ ఇటూ తిరిగి బొమ్మను వెలిసిపోయేలా చేస్తుంది. అందుకని మేం మెగ్నీషియం ఫ్లోరైడ్ అనే పదార్థాన్ని శూన్యగదిలో ఆవిరి చేసి లెన్సు మీద పూతగా పేరుకునేలా చేస్తాం. మందం సుమారు 100 నానోమీటర్లు, పూతలో ఆకుపచ్చ కాంతి తరంగం పొడవులో సరిగ్గా పావు వంతు. పూత పైముఖం నుంచి తిరిగొచ్చే తరంగమూ, కిందిముఖం నుంచి తిరిగొచ్చే తరంగమూ సగం తరంగం తేడాతో కలుస్తాయి. ఒకటి ఎత్తుగా ఉన్నచోట రెండోది పల్లంగా ఉంటుంది. 4 శాతం కాస్తా 1.3 శాతానికి దిగుతుంది. ఆ కాంతి ఎక్కడికీ మాయం కాలేదు, అవతలికి వెళ్లింది. పావు వంతు లెక్క ఆకుపచ్చకు సరిపోతుంది కానీ ఎరుపుకూ ఊదాకూ పూర్తిగా సరిపోదు. పూత వేసిన లెన్సును వాల్చి చూస్తే ఊదా, వంగపండు ఛాయ కనిపించేది ఆ మిగిలిన రంగులే. బయటికి తీసిన లెన్సును దీపం కింద వాల్చి ఆ ఛాయ అంతటా సమంగా ఉందా లేదా అని చూస్తే చాలు, పూత మందం సరిగా వచ్చిందో లేదో ఇట్టే తెలిసిపోతుంది. నూనె మరకలోనూ, సబ్బు బుడగలోనూ రంగులు పుట్టేది ఈ లెక్కతోనే. నెమలి ఈకలో, మోర్ఫో సీతాకోకచిలుక రెక్కలో నీలం కూడా రంగు పదార్థం వల్ల వచ్చింది కాదు, నానోమీటర్ల కొలతలో ఉన్న అమరిక వల్ల వచ్చింది.

ఇప్పుడు మీ అల్యూమినియం రేకు. లోహంలో కొన్ని ఎలక్ట్రాన్లు ఏ అణువుకూ కట్టుబడి ఉండవు, లోహమంతా తిరుగుతుంటాయి. కాంతి తాకగానే అవి దాని తాళానికి ఊగి, వచ్చిన తరంగాన్ని లోపలివైపు రద్దు చేసేస్తాయి, బయటివైపు కొత్త తరంగాన్ని పంపిస్తాయి. మనం మెరుపు అంటున్నది ఆ కొత్త తరంగాన్నే. అల్యూమినియంలో పది పదిహేను నానోమీటర్లు వెళ్లేసరికే కాంతి బాగా బలహీనపడుతుంది. మామూలు ఫాయిల్ మందం పది మైక్రోమీటర్లకు అటూ ఇటూ, అంటే దానికి వెయ్యి రెట్లు. మీకు పలచగా అనిపించే రేకు కాంతి లెక్కలో కోటగోడ. అదే అల్యూమినియాన్ని గాజు మీద కొన్ని నానోమీటర్ల మందాన పేరిస్తే అవతలి దీపం కనిపిస్తుంది. సగం అద్దం, సగం కిటికీగా పనిచేసే పలకలు అలా చేసేవే. ముఖం అద్దంలో కూడా పని చేసేది గాజు వెనకున్న అతి పలచని వెండి లేదా అల్యూమినియం పూతే, గాజు దాన్ని చదునుగా పట్టి ఉంచుతుంది.

ఫాయిల్‌కు ఒకవైపు మెరుపు, రెండోవైపు మసక ఎందుకని కూడా కొందరు అడుగుతుంటారు. చివరి దఫా రోలర్లలోంచి రెండు రేకుల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి లాగుతారు. రోలర్‌కు తగిలిన వైపు నునుపవుతుంది, రేకుకు రేకు తగిలిన వైపు గరుకవుతుంది. రెండు వైపులా వెనక్కొచ్చే కాంతి ఇంచుమించు అంతే, మసక వైపు అది అన్ని దిక్కులకూ చెదురుతుంది.

వెండి, అల్యూమినియం అన్ని రంగుల్నీ ఇంచుమించు సమానంగా వెనక్కి పంపుతాయి. బంగారం పంపదు. బంగారంలో లోపలి ఎలక్ట్రాన్లకు సుమారు 2.4 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఒక మెట్టుంది, నీలం, ఊదా ఫోటాన్లు దాన్ని అందుకోగలవు. అవి మింగుడుపడగా మిగిలిన ఎరుపు, పసుపు తిరిగొస్తాయి. వెండిలో అలాంటి మెట్టు అతినీలలోహితంలో ఉంది కాబట్టి మన కంటికి తెల్లగా ఉంటుంది. బంగారంలో ఆ మెట్టు కిందికి దిగడానికి కారణం సాపేక్షతా సిద్ధాంతం: అంత బరువైన కేంద్రకం దగ్గర ఎలక్ట్రాన్లు చాలా వేగంగా తిరగడంతో వాటి శక్తిస్థాయిలే జరిగిపోయాయి. చాలా పలచని బంగారు రేకును వెలుగుకు అడ్డంపెట్టి చూస్తే పసుపు కనిపించదు, ఆకుపచ్చ, నీలం కలిసిన ఛాయ కనిపిస్తుంది. అదే బంగారం నానోమీటర్ల కణాలుగా గాజులో కలిస్తే కెంపురంగు. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో లైకర్గస్ కప్ అని నాలుగో శతాబ్దపు రోమన్ గాజుపాత్ర ఉంది. ముందునుంచి వెలుగు పడితే ఆకుపచ్చ, లోపల దీపం పెడితే ఎరుపు. దాని గాజులో బంగారం, వెండి నానో కణాలున్నాయి.

గాజుపొడి ప్రశ్న నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. మా పనిలో అది రోజూ కళ్లముందు జరుగుతుంది, తలకిందులుగా. గాజుబిళ్లకు వంపు రావడానికి ముందు గరుకు పొడితో, తర్వాత మెత్తటి పొడితో అరగదీస్తాం. ఆ దశలో లెన్సు పాలరాయి ముక్కలా తెల్లగా ఉంటుంది, అవతల ఏమీ కనిపించదు. లోపల బుడగ గానీ గీత గానీ ఉందా అని చూడాలంటే పాలిష్ దాకా ఆగక్కర్లేదు. వేలితో నీళ్లు రాస్తాం. రాసినంత మేరా కిటికీ తెరుచుకున్నట్టు తేటపడుతుంది. కింద పెట్టిన కాగితం మీద అక్షరాలు పైకి వస్తాయి. కొద్దిసేపటికి తడి అంచుల నుంచి ఆరుతూ వస్తుంది, తెలుపు మళ్లీ నడుమ వైపు పాకుతుంది, చివరికి చుక్కంత తేట భాగం మిగిలి అదీ మూసుకుపోతుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ చివరి చుక్క మూసుకునేదాకా నేను చూస్తూనే ఉంటాను.

అరగదీసిన ముఖం మీద మైక్రోమీటర్ల కొలతలో గుంటలు, మిట్టలు ఉంటాయి. ప్రతి గుంట గోడా ఒక్కో కోణంలో కాంతిని వంచుతుంది, కొంత వెనక్కి తిప్పుతుంది. ఒక దిక్కున వచ్చింది వెయ్యి దిక్కులకు చెదురుతుంది. దీన్నే పరిక్షేపణం అంటారు. గాజు ఏ రంగునూ మింగలేదు కాబట్టి అన్ని రంగులూ కలిసే చెదురుతాయి, అన్నీ కలిస్తే తెలుపు. పొడిలోనూ ఇదే, కాకపోతే ఒక్క ముఖం బదులు లక్షల రేణువుల ముఖాలు. ముఖానికి 4 శాతమే అయినా అన్ని ముఖాలు దాటేసరికి ముందుకు పోయేది దాదాపు ఉండదు. మంచుగడ్డ తేటగా ఉండి రాలిన మంచు తెల్లగా ఉండటం, నీళ్లు తేటగా ఉండి నురగ తెల్లగా ఉండటం, కాగితం తెల్లగా ఉండటం అన్నీ ఇదే కథ. కాగితంలో ఉండేవి ఇంచుమించు రంగులేని సెల్యులోజ్ పోగులు, మధ్యలో గాలి. పారదర్శకమైన వస్తువూ గాలీ కలిసి తెలుపును తయారు చేస్తున్నాయి.

నీళ్లు రాస్తే ఏం జరిగింది? గుంటల్లో గాలి పోయి నీళ్లు నిండాయి. గాజు 1.5, గాలి 1, తేడా ఎక్కువ. గాజు 1.5, నీళ్లు 1.33, తేడా తక్కువ. వెనక్కి మళ్లే భాగం 4 శాతం నుంచి 0.4 శాతం కన్నా కిందికి పడిపోతుంది, వంపు కూడా తగ్గుతుంది. తడిసిన బట్ట ముదురుగా కనిపించే కారణం కూడా ఇక్కడే ఉంది. పొడిగా ఉన్నప్పుడు కాంతి పైపోగుల దగ్గరే చెదిరి తిరిగొచ్చేస్తుంది. తడిస్తే ఎక్కువ లోతుకు వెళుతుంది, ఎక్కువ పోగుల్ని దాటుతుంది, దారిలో రంగు పదార్థం ఎక్కువగా మింగుతుంది, తిరిగొచ్చేది తగ్గుతుంది. ఆ తడి మరకను వెలుగుకు అడ్డంగా ఎత్తిపట్టి వెనక నుంచి చూడండి. ముందునుంచి ముదురుగా ఉన్న మరకే ఇప్పుడు చుట్టూ ఉన్న పొడి బట్ట కన్నా వెలుగుగా ఉంటుంది. ముందుకు తిరిగిరానిది వెనక్కి దాటింది. పందొమ్మిదో శతాబ్దంలో బున్సెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త, రెండు దీపాల వెలుగును పోల్చడానికి కాగితం మీద నూనె మరకనే వాడాడు. రెండు వైపులా వెలుగు సమానమైతే మరక కనిపించకుండా పోతుంది.

వక్రీభవన గుణకాలు పూర్తిగా సమానమైతే ఏమవుతుందో చూడాలనుంటే బోరోసిలికేట్ గాజు కడ్డీని గ్లిజరిన్‌లో ముంచండి. రెండింటి గుణకమూ 1.47. ముంచినంత మేరా కడ్డీ మాయమవుతుంది, విరిగిపోయిందేమో అనిపిస్తుంది. మనకు పారదర్శకమైన వస్తువు కనిపించేదే దాని సరిహద్దు వల్ల.

ఒకే పదార్థం ఇన్ని రకాలుగా ఎలా కనిపిస్తుందో ఒక్కచోట చూడాలంటే అల్యూమినాను మించింది లేదు. అల్యూమినియం, ఆక్సిజన్ కలిసిన ఆక్సైడ్ అది. పొడిగా ఉంటే సున్నంలా తెలుపు. స్పార్క్ ప్లగ్గు మీద తెల్లటి పింగాణీ భాగం కూడా అదే, రేణువులు అతుక్కున్నా మధ్యలో సన్నని గాలి రంధ్రాలు మిగిలిపోయాయి. ఆ రంధ్రాల్ని తరిమేసి కాలిస్తే మసక వెలుగును దాటించే గొట్టం వస్తుంది, పసుపు వెలుగు సోడియం వీధిదీపాల లోపల ఉండేది ఆ గొట్టమే. మొత్తం ఒకే స్ఫటికంగా పెంచితే నీళ్లంత తేట, ఖరీదైన గడియారాల మీద గీత పడని గాజు అంటారే, అది. ఆ స్ఫటికంలో కొద్దిగా క్రోమియం చేరిందా, కెంపు. ఇనుము, టైటానియం కలిసి చేరితే నీలం. క్రోమియం అణువులు ఊదాను, పసుపుపచ్చ, ఆకుపచ్చల్ని మింగి ఎరుపును వదిలేస్తాయి. అంతే కాదు, మింగిన శక్తిలో కొంత 694 నానోమీటర్ల ఎరుపుగా తిరిగి వెలిగిస్తాయి. 1960లో థియోడర్ మైమన్ వెలిగించిన మొట్టమొదటి లేజర్ ఆ ఎరుపే.

రంగుల గురించి ఇంకో రెండు ముక్కలు. చీకట్లో ఫోన్ టార్చి మీద వేలు పెట్టి చూడండి, వేలు ఎర్రగా వెలుగుతుంది. రక్తంలో హిమోగ్లోబిన్ నీలం, ఆకుపచ్చల్ని మింగుతుంది, ఎరుపును చాలావరకు వదులుతుంది. ఆక్సిజన్ ఉన్న రక్తం, లేని రక్తం ఎరుపునూ పరారుణాన్నీ వేర్వేరు పాళ్లలో మింగుతాయి కాబట్టి వేలికి పెట్టే ఆక్సీమీటర్ 660, 940 నానోమీటర్ల దగ్గర కొలిచి లెక్క చెబుతుంది. మరి నీళ్లకు రంగు లేదంటాం, అదీ సగం నిజమే. నీటి అణువులో హైడ్రోజన్, ఆక్సిజన్ బంధాల కంపనాలు ఎరుపును కొద్దికొద్దిగా మింగుతాయి. గ్లాసులో తెలియదు, పది మీటర్ల లోతుకు ఎరుపు దాదాపు మిగలదు. సముద్రం నీలం కేవలం ఆకాశం ప్రతిబింబమని బ్రిటిష్ శాస్త్రవేత్త లార్డ్ రాలీ అన్నాడు. 1921లో ఓడ ప్రయాణంలో సి.వి. రామన్ నికోల్ పట్టకంతో, అంటే ప్రతిబింబపు మెరుపును ఆపగల స్ఫటికంతో, నీటిపైన మెరుపును తుడిచేసి చూశారు, నీలం పోలేదు, లోపలి నుంచి వస్తూనే ఉంది. అక్కడ మొదలైన ఆలోచనే 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితం దాకా వెళ్లింది. చెదిరిన ఫోటాన్లలో కోటికి ఒకటి చొప్పున రంగు మార్చుకుని బయటికొస్తుంది, ఆ మార్పు ఏ అణువును తాకి వచ్చిందో చెబుతుంది. 1930లో నోబెల్ వచ్చింది దానికే.

చివరిగా ఆకుపచ్చ అంచు. అది ఇనుము. గాజు చేసే ఇసుకలో ఎంతో కొంత ఇనుము ఉంటుంది, అది ఎరుపును, దాని పక్కనున్న పరారుణాన్ని మింగుతుంది. ఎదురుగా చూస్తే కాంతి నాలుగైదు మిల్లీమీటర్లే ప్రయాణిస్తుంది కాబట్టి తెలియదు. అంచు నుంచి చూస్తే అడుగో రెండడుగులో గాజును దాటి వస్తుంది, ఎరుపు తగ్గి ఆకుపచ్చ పైకి తేలుతుంది. 1966లో చార్లెస్ కావ్ అనే శాస్త్రవేత్త చెప్పింది ఈ సంగతే, కాంతిని దూరం పోనివ్వనిది గాజు కాదు, దానిలోని మలినాలు అని. కిలోమీటరుకు నష్టం 20 డెసిబెళ్లకు, అంటే వందో వంతు మిగిలేలా, తగ్గించగలిగితే సన్నని గాజు తీగలో (ఫైబర్) కాంతితో మాటలు పంపొచ్చన్నాడు. 1970లో అమెరికాలో కార్నింగ్ సంస్థ ఆ గీత దాటింది. ఈ రోజు వాడే ఫైబర్‌లో 1550 నానోమీటర్ల కాంతికి కిలోమీటరుకు నష్టం 0.2 డెసిబెల్. అప్పట్లో ఒక్క కిలోమీటరు చివర మిగలాలని కోరుకున్న వందో వంతు ఇప్పుడు వంద కిలోమీటర్ల గాజు దాటాక మిగులుతోంది.